రక్తపరీక్షలో ‘లేదు’ అన్నా జ్వరం తగ్గకపోతే...

స్క్రబ్ టైఫస్ పరీక్షలు ఏం చెబుతాయి, ఏం చెప్పలేవు?

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంటుంది. వరి కోతలు, పత్తితీతలు, పశువులకు గడ్డి కోసుకురావడం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే పల్లెల్లో జ్వరాలు కూడా ముసురుకుంటాయి. జ్వరమొచ్చిన మనిషి ముందు ఊళ్లోనే ఒక సూది వేయించుకుంటాడు. తగ్గకపోతే మూడో రోజునో నాలుగో రోజునో టౌనుకెళ్లి రక్తం ఇస్తాడు. మలేరియా లేదు, డెంగీ లేదు, స్క్రబ్ టైఫస్ లేదు అని కాగితం చేతికొస్తుంది. ‘హమ్మయ్య, ఏమీ లేదంట’ అనుకుని ఇంటికొచ్చి పడుకుంటాడు. వారం తిరిగేసరికి ఆయాసం మొదలై, పెద్దాసుపత్రికి మోసుకెళ్లాల్సిన పరిస్థితి వస్తుంది.

ఇందులో ల్యాబువాళ్ల తప్పు ఉండనక్కర్లేదు. పరీక్ష సరిగానే చేసి ఉంటారు. అయినా జబ్బు దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలిస్తే ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో మనకు తెలుస్తుంది. రైతు కుటుంబాలకు ఇది ప్రాణాలతో, అప్పులతో ముడిపడిన సంగతి. అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

కంటికి కనబడని నల్లి

స్క్రబ్ టైఫస్‌ను కలిగించేది ఓరియన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా. దీన్ని మనిషికి అంటించేది ఒక రకం నల్లి పిల్ల. మిరపకు, కొబ్బరికి పట్టే నల్లి కాదిది. పశువులను పట్టే పిడుదు, గోమారి కూడా కాదు. తొలకరిలో ఎర్రమఖమల్ గుడ్డ ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు మీ అందరికీ తెలుసు కదా, దానికి దూరపు చుట్టం. ఆరుద్ర పురుగు మనల్ని ఏమీ చేయదు. ఈ నల్లిలో కూడా పెద్దవి మనిషి జోలికి రావు, మట్టిలోనే బతుకుతాయి. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల మాత్రం ఎలుక, పందికొక్కు, ఉడత, మనిషి, ఏదో ఒకదాన్ని పట్టుకుని తినాలి. దాని పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. కుట్టినట్టు కూడా తెలియదు.

గట్ల మీద గడ్డి, డొంకలు, తుప్పలు, బీళ్లు, చెరువు కట్టలు, ఇంటి వెనక పెంటకుప్పల పక్కన పెరిగిన పిచ్చిమొక్కలు ఇవన్నీ దాని నివాసాలే. నల్లి కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో, ఎక్కువమందిలో పది రోజులకు అటూ ఇటూగా, జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, దగ్గు, వాంతులు, గజ్జల్లో లేదా చంకల్లో బిళ్లలు కట్టడం ఉండవచ్చు. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదు. రోగిని విడిగా ఉంచనక్కర్లేదు, కంచం గ్లాసు వేరు చేయనక్కర్లేదు.

మొదటి వారంలో ఇది మామూలు జ్వరంలాగే ఉంటుంది. సరైన మందు పడకపోతే రెండో వారంలో ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ప్రాణం పోవడం కూడా ఎక్కువగా ఆ దశలోనే జరుగుతుంది. తమిళనాడులో 37 గ్రామాల ప్రజలను రెండేళ్లపాటు గమనించి చేసిన అధ్యయనం 2025లో వెలువడింది. పల్లెల్లో ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వచ్చే జ్వరాలకు స్క్రబ్ టైఫస్ ఒక ముఖ్య కారణమని అందులో తేలింది. ఎక్కడో అడవుల్లో వచ్చే అరుదైన జబ్బు అనుకుని దీన్ని పక్కన పెట్టడానికి లేదు.

పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దాని జాడను

మలేరియా పరీక్షలో గాజుపలక మీద రక్తపు చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో క్రిమినే చూస్తారు. దొంగ దొరికినట్టే. స్క్రబ్ టైఫస్‌లో అలా కుదరదు. ఈ బాక్టీరియా మన శరీర కణాల లోపల దాక్కుని పెరుగుతుంది. మామూలు ల్యాబులో దాన్ని పెంచి చూడటం కూడా సాధ్యం కాదు. అందుకని సాధారణంగా చేసే పరీక్షలు క్రిమిని వదిలిపెట్టి, దాన్ని ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీల కోసం రక్తంలో వెతుకుతాయి.

వేరుశనగ చేలో అడవిపంది పడిందనుకోండి. పొద్దున్నే వెళితే పంది కనబడదు. అడుగుల జాడ చూసి పోల్చుకుంటాం. ఈ రక్తపరీక్షలు చేసేదీ అదే పని. అడుగుజాడతో మూడు చిక్కులున్నాయి. పంది వచ్చిన వెంటనే గట్టినేల మీద జాడ పడకపోవచ్చు. బురదలో పడి ఎండిపోయిన జాడ పంది వెళ్లిపోయి నెలలైనా అలాగే ఉండవచ్చు. చీకట్లో చూస్తే ఒక జంతువు జాడ ఇంకొకదానిలా అనిపించవచ్చు. రక్తపరీక్షలోనూ ఈ మూడు చిక్కులూ ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

తొందరపడితే దొరకదు

జ్వరం మొదలైన రోజునే యాంటీబాడీలు రక్తంలోకి రావు. పరీక్షకు అందేంత మోతాదులో తయారు కావడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. కొందరిలో ఇంకా ఆలస్యం కావచ్చు. సోమవారం జ్వరమొచ్చి బుధవారం రక్తం ఇస్తే, ఒంట్లో స్క్రబ్ టైఫస్ ఉన్నా పరీక్ష ‘నెగెటివ్’ అనే చూపించే అవకాశం ఎక్కువ. అదే మనిషి వచ్చే సోమవారం ఇస్తే ‘పాజిటివ్’ రావచ్చు.

నారు పోసిన రెండో రోజే మడి చూసి మొలక శాతం తేల్చేస్తే ఎలా ఉంటుంది? ఇదీ అలాగే. విత్తనం మంచిదే, మనం చూసిన రోజు మంచిది కాదు.

ఇక్కడే రైతు నష్టపోతున్నాడు. పరీక్ష సరిగ్గా పనిచేయడం మొదలయ్యేది జబ్బు ముదరడం మొదలయ్యే సమయానికి. కాగితంలో రుజువు కనబడేదాకా మందు ఆపితే, మందు బాగా పనిచేసే రోజులు చేజారిపోతాయి. కాబట్టి మొదటి వారంలో వచ్చిన ‘నెగెటివ్’ను ‘ఇప్పటికి దొరకలేదు’ అని మాత్రమే చదువుకోవాలి. ‘జబ్బు లేదు’ అని చదువుకోకూడదు.

పాత జాడ తొందరగా చెరగదు

రెండో చిక్కు దీనికి తిరగేసినది. స్క్రబ్ టైఫస్ వచ్చి తగ్గిపోయినవారి రక్తంలో యాంటీబాడీలు వెంటనే మాయం కావు. ఐజీఎం అనే రకం కొత్తగా వచ్చిన జబ్బుకు గుర్తు అంటారు. అది కూడా కొందరిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. పోయిన సీజనులో జ్వరమొచ్చి, అదేమిటో తెలియకుండానే తగ్గినవాళ్లు ఊళ్లో ఉంటారు. వాళ్లకు ఇప్పుడు వేరే జ్వరం వచ్చినా పరీక్షలో స్క్రబ్ టైఫస్ ‘పాజిటివ్’ అని రావచ్చు.

దీనివల్ల జరిగే నష్టం ఏమిటంటే, అసలు జబ్బు చాటున ఉండిపోతుంది. వరి మళ్లలో బురదనీళ్లలో పనిచేసేవారికి ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ రావచ్చు. మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు. ఒక్కోసారి రెండు జబ్బులు కలిసి కూడా వస్తాయి. ‘పాజిటివ్’ వచ్చింది కదా అని ఇంక దేనికోసమూ వెతకకపోతే ప్రమాదమే.

దీనికో ఉపాయం ఉంది. మొదటిసారి రక్తం తీసిన రెండు వారాల తర్వాత మళ్లీ తీసి, రెండింటినీ పోల్చిచూస్తారు. యాంటీబాడీల మోతాదు నాలుగు రెట్లు లేదా అంతకుమించి పెరిగి ఉంటే జబ్బు కొత్తదేనని తేలుతుంది. శాస్త్రానికి ఇది గట్టి రుజువు. మంచం మీద ఉన్న మనిషికి మాత్రం రెండు వారాల తర్వాత తెలిసే నిజం వల్ల ఒరిగేది తక్కువ.

పోలికతో మోసపోయే పరీక్షలు

మూడో చిక్కు పోలికది. స్క్రబ్ టైఫస్‌కు చాలాకాలంగా చేస్తున్న చవకైన పరీక్ష వీల్ ఫెలిక్స్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916లో, ఎడ్మండ్ వీల్, ఆర్థర్ ఫెలిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టైఫస్ జ్వరానికి దీన్ని కనిపెట్టారు. స్క్రబ్ టైఫస్‌ను గుర్తించేందుకు పనికొచ్చే రకం 1920లలో మలయాలో వాడుకలోకి వచ్చింది. ఇందులో విశేషం ఏమిటంటే, పరీక్షలో వాడేది స్క్రబ్ టైఫస్ క్రిమిని కాదు. ప్రోటియస్ అనే వేరే బాక్టీరియాను వాడతారు. రెండింటికీ కొంత పోలిక ఉండటం వల్ల, ఒకదానికోసం తయారైన యాంటీబాడీ రెండోదాన్నీ పట్టుకుంటుంది.

పోలిక మీద నడిచే పరీక్ష కాబట్టి జబ్బు ఉన్నవాళ్లలో చాలామందిని ఇది పట్టుకోలేదు. మూత్రనాళంలో ప్రోటియస్ వల్లనే ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి స్క్రబ్ టైఫస్ లేకపోయినా ‘ఉంది’ అని చూపించవచ్చు. వేరే సౌకర్యం లేనిచోట దీన్ని ఇంకా చేస్తున్నారు. బాగా ఎక్కువ మోతాదు వస్తే అనుమానానికి బలం చేకూరుతుంది. ‘నెగెటివ్’ వస్తే మాత్రం దాన్నిబట్టి జబ్బు లేదని తేల్చడానికి లేదు.

పల్లెల్లో ఎక్కువగా రాసే వైడాల్ పరీక్షది కూడా ఇలాంటి కథే. అది టైఫాయిడ్‌కు చేసే పరీక్ష. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల, వేరే జబ్బుల వల్ల కూడా అది ‘పాజిటివ్’ చూపిస్తుంది. ‘టైఫాయిడ్’ అనే మాట, ‘టైఫస్’ అనే మాట వినడానికి ఒకేలా ఉంటాయి గానీ జబ్బులు వేరు, మందులు వేరు. వైడాల్ చూసి టైఫాయిడ్ అని వారం పది రోజులు సూదిమందులు వేయించుకుంటూ కూర్చుంటే, లోపల ఉన్న స్క్రబ్ టైఫస్ ముదిరిపోతుంది.

గీత ఎక్కడ గీయాలి?

ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఎక్కువగా చేసేది ఐజీఎం ఎలైసా. వీల్ ఫెలిక్స్ కంటే ఇది ఎంతో మెరుగు. పది నిమిషాల్లో తేల్చే కార్డు పరీక్షలు కూడా వచ్చాయి. అయితే ఇవి కూడా యాంటీబాడీల జాడ చూసేవే. పైన చెప్పిన తొందర, పాతజాడ చిక్కులు వీటికీ తప్పవు.

ఎలైసాలో ఇంకో సంగతి ఉంది. యంత్రం ‘ఉంది, లేదు’ అని చెప్పదు. ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె ఒక గీత దాటితే పాజిటివ్, దాటకపోతే నెగెటివ్ అని మనుషులే నిర్ణయించుకుంటారు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు కదా. 16.9 వచ్చిన ధాన్యానికి, 17.1 వచ్చిన ధాన్యానికి నిజంగా ఉన్న తేడా ఎంత? ఇక్కడా అంతే. గీతకు అటూ ఇటూ దగ్గర్లో ఉన్న అంకెను చూసి గట్టిగా చెప్పడం కష్టం.

పైగా ఆ గీత అన్ని ప్రాంతాలకూ ఒకటే పనికిరాదు. స్క్రబ్ టైఫస్ తరచుగా వచ్చే ప్రాంతంలో ఆరోగ్యంగా తిరిగేవారి రక్తంలో కూడా కొంత యాంటీబాడీ ఉంటుంది. అక్కడ గీతను కాస్త పైకి జరపాలి. జరపకపోతే లేనివాళ్లకు కూడా ఉందని వస్తుంది. మరీ పైకి జరిపితే ఉన్నవాళ్లు తప్పిపోతారు.

ఎలైసాకు 96 గుంటలున్న పలక వాడతారు. ఒకేసారి చాలామంది రక్తాన్ని పరీక్షించే ఏర్పాటు అది. ఒకరిద్దరి కోసం పలకను వాడితే ఖర్చు పెరుగుతుందని, నమూనాలు పోగయ్యేదాకా ఆగే ల్యాబులు ఉంటాయి. ఫలితం రావడానికి రోజులు పట్టవచ్చు. ఆ రోజులు కూడా రోగి ఖాతాలోవే.

క్రిమినే పట్టే పరీక్ష లేదా?

ఉంది. పీసీఆర్ అనే పరీక్ష క్రిమి తాలూకు జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. మొదటి వారంలో యాంటీబాడీ పరీక్షలకంటే ఇది ఉపయోగం. కాకపోతే రక్తంలో ఈ క్రిమి కొద్దిగానే తిరుగుతుంది కాబట్టి రక్తంతో చేసిన పీసీఆర్ కూడా కొన్నిసార్లు తప్పిపోతుంది. నల్లి కుట్టినచోట ఏర్పడిన నల్లమచ్చ నుంచి తీసిన పక్కుతో చేస్తే ఫలితం బాగా నమ్మకంగా ఉంటుంది. అయితే ఈ పరీక్షకు ప్రత్యేక యంత్రాలు, శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలి. అన్నిచోట్లా దొరకదు.

అమెరికాలోనూ ఇదే తంటా

ఈ చిక్కులు మన ఊళ్ల ల్యాబులకే పరిమితం అనుకోకండి. అమెరికాలో పిడుదు కాటు వల్ల లైమ్ జబ్బు వస్తుంది. కనెటికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి చుట్టుపక్కల పిల్లలకు కీళ్లవాపులు వస్తున్నాయని 1975లో గుర్తించడంతో దానికా పేరు వచ్చింది. దానికి కారణమైన క్రిమిని విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల్లో కనిపెట్టగా, ఆ సంగతి 1982లో ప్రకటితమైంది. అక్కడ కూడా రక్తపరీక్ష యాంటీబాడీలనే చూస్తుంది. మొదటి వారాల్లో దొరకదు, జబ్బు నయమయ్యాక కూడా నెలలు, ఏళ్లు ‘పాజిటివ్’ చూపిస్తుంది. పొరపాట్లు తగ్గించడానికి ఒకదాని వెంట ఒకటిగా రెండు పరీక్షలు చేయాలని 1995లో నియమం పెట్టుకున్నారు. అయినా తొలిరోజుల్లో తప్పిపోవడం మానలేదు. అందుకే పిడుదు కుట్టిన మనిషి ఒంటి మీద లైమ్ జబ్బుకు ప్రత్యేకమైన ఎర్రటి వలయం కనబడితే అక్కడి డాక్టర్లు రక్తపరీక్ష కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. అన్ని సౌకర్యాలూ ఉన్న దేశంలోనే మనిషిని చూసి నిర్ణయిస్తున్నప్పుడు, మనం కాగితాన్నే పట్టుకు కూర్చోవడం తెలివైన పని కాదు.

మరి డాక్టరు ఎలా తేలుస్తారు?

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2015లో ఈ జబ్బుల గుర్తింపు, చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చింది. స్క్రబ్ టైఫస్ అనుమానం గట్టిగా ఉంటే ల్యాబు రుజువు కోసం ఎదురుచూడకుండా చికిత్స మొదలుపెట్టాలన్నది అందులోని ముఖ్యమైన మాట. అనుమానం ఎలా గట్టిపడుతుందంటే:

ఒకటి, నల్లమచ్చ. నల్లి కుట్టినచోట చుట్టూ ఎర్రగా, మధ్యలో నల్లటి పక్కు కట్టి, చుట్ట కాల్చి అంటించినట్టు ఒక పుండు ఏర్పడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగికి తెలియదు. చంకలు, గజ్జలు, నడుము చుట్టూ మొలతాడు కట్టే చోటు, రొమ్ముల కింద, చెవి వెనక, మర్మావయవాల దగ్గర, పిరుదుల మధ్య వెతకాలి. మనవాళ్ల ఒంటి రంగులో తేలిగ్గా కనబడదు, మంచి వెలుతురులో చూడాలి. అందరికీ ఈ మచ్చ ఉండదు. లేనంతమాత్రాన జబ్బు లేదనుకోకూడదు. ఉంటే మాత్రం అది చాలా బలమైన ఆధారం.

రెండు, పని వివరం. గత మూడు వారాల్లో గడ్డి కోశారా, తుప్పలు కొట్టారా, గట్లు చెక్కారా, పశువులను బీడుకు తోలుకెళ్లారా అన్నది డాక్టరుకు తెలియాలి. ఆయన అడగకపోతే మీరే చెప్పండి.

మూడు, మామూలు రక్తపరీక్షలు. స్క్రబ్ టైఫస్‌లో ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు, కాలేయానికి సంబంధించిన అంకెలు పెరగవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గగానే డెంగీ అని ఖాయం చేసుకోవడం మన దగ్గర అలవాటైంది. డెంగీ పరీక్ష నెగెటివ్ వచ్చి ప్లేట్‌లెట్లు తక్కువ ఉంటే స్క్రబ్ టైఫస్ సంగతి అడగండి.

మందు ఖరీదు తక్కువ, ఆలస్యం ఖరీదు ఎక్కువ

ఈ జబ్బుకు ప్రధానమైన మందు డాక్సీసైక్లిన్. పెద్దవారికి సాధారణంగా 100 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు, కనీసం 7 రోజులు ఇస్తారు. గర్భిణులకు అజిత్రోమైసిన్ వాడతారు. పిల్లలకు బరువును బట్టి డాక్టరు మోతాదు నిర్ణయిస్తారు. ఇవి పాతకాలం మందులు, ధర తక్కువ. పరిస్థితి విషమించినవారికి ఈ రెండు మందులనూ కలిపి రక్తనాళం ద్వారా ఇస్తే ఏదో ఒకటే ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో 794 మంది రోగులపై జరిపిన అధ్యయనంలో తేలింది. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

టైఫాయిడ్‌కు, ఇతర జ్వరాలకు విరివిగా వేసే సెఫ్ట్రియాక్సోన్ సూదిమందు, సెఫిక్సిమ్ మాత్ర ఈ క్రిమి మీద పనిచేయవు. పెన్సిలిన్ జాతి మందులూ అంతే. ‘పవర్ ఉన్న సూది వేశారు, అయినా జ్వరం తగ్గలేదు’ అంటే మందు బలం చాలలేదని కాదు, జబ్బు వేరేదై ఉండవచ్చు.

సరైన మందు పడితే ఎక్కువమందిలో రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. అలా దిగడం కూడా డాక్టరుకు ఒక ఆధారమే. దిగకపోతే మళ్లీ చూపించుకోవాలి, వేరే జబ్బు కోసం వెతకాలి. జ్వరం తగ్గింది కదా అని రెండో రోజే మాత్రలు ఆపేయకండి. ఈ మాత్రను అన్నం తిన్నాక, గ్లాసెడు నీళ్లతో, కూర్చుని వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో, ఛాతీలో మంట వస్తుంది. డాక్టరు చెప్పకుండా మెడికల్ షాపులో కొనుక్కుని సొంతంగా వాడవద్దు. జ్వరం ఏదో తేలకుండా వాడితే అసలు జబ్బు కప్పడిపోతుంది.

ఆసుపత్రికి వెళ్లేముందు

జ్వరం ఏ తేదీన మొదలైందో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఆ తేదీ తెలియకపోతే ఏ పరీక్ష ఫలితానికీ సరైన అర్థం చెప్పలేరు. వాడిన మందుల చీటీలు, ఖాళీ అట్టలు వెంట తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లు ఒకసారి ఒళ్లంతా వెతికి నల్లమచ్చ ఉందేమో చూడండి. ఆడవాళ్లు చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట మచ్చ ఉంటే, ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో చెప్పినా సరే, డాక్టరు దాకా ఆ మాట చేరాలి.

రక్తం ఇచ్చాక డాక్టరును ఈ నాలుగు మాటలు అడగండి. తప్పుగా అనుకోరు. ‘స్క్రబ్ టైఫస్‌కు ఏ పరీక్ష చేశారండీ, వీల్ ఫెలిక్సా, కార్డా, ఎలైసానా?’ ‘జ్వరమొచ్చి ఇన్ని రోజులే అయింది, ఇప్పుడు చేస్తే దొరుకుతుందా?’ ‘నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ ఎప్పుడు చేయించాలి?’ ‘ఫలితం వచ్చేదాకా మందు ఆపాలా, మొదలుపెట్టొచ్చా?’ చివరి ప్రశ్న మరిచిపోకండి.

అలాగని పరీక్షలు దండగ అనుకోవద్దు. సరైన రోజున, సరైన పరీక్ష చేయిస్తే అది డాక్టరుకు చేయూత. ఎన్ని రోజులకు చేశారో తెలియని పది పరీక్షలకంటే తేదీ తెలిసిన ఒక్క పరీక్ష మేలు. ఆ ఖర్చు కోసం పుస్తెలు తాకట్టు పెట్టాల్సిన అవసరం కూడా తగ్గుతుంది.

ఈ లక్షణాలుంటే పరీక్షల కోసం ఆగవద్దు

ఆయాసం రావడం, ఊపిరి వేగంగా పీల్చడం, మత్తుగా ఉండటం, సంధి మాటలు, ఫిట్స్, మూత్రం బాగా తగ్గిపోవడం, కళ్లు పచ్చబడటం, చేతులు కాళ్లు చల్లబడటం వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. గర్భిణులకు జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఈ జబ్బు తల్లికీ, కడుపులో బిడ్డకీ ప్రమాదకరం.

పొలంలో జాగ్రత్తలు

దీనికి టీకా లేదు. నల్లి కుట్టకుండా చూసుకోవడమే దారి. గడ్డి కోసేటప్పుడు, తుప్పలు కొట్టేటప్పుడు నిండుచేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. బూట్లుంటే మంచిది. చేతులకు, కాళ్లకు దోమలకు రాసుకునే డీట్ కలిసిన పూతమందు రాసుకోవచ్చు. మధ్యాహ్నం నడుం వాల్చాలంటే వట్టి గడ్డి మీద కాకుండా మంచం మీదనో, పట్టా పరుచుకునో పడుకోండి. విప్పిన బట్టలు పొదల మీద ఆరవేయవద్దు. ఇంటికి రాగానే ఒళ్లంతా సబ్బుతో రుద్ది స్నానం చేసి, బట్టలు మార్చుకోండి. నల్లి పిల్ల ఒంటి మీద కాసేపు తిరిగాకగానీ ఒకచోట స్థిరపడదు. అందుకే పొలం నుంచి వచ్చిన వెంటనే చేసే స్నానానికి విలువ ఎక్కువ. ఇంటి చుట్టూ పిచ్చిమొక్కలు తీసేసి, గాదెల దగ్గర, గడ్డివాముల దగ్గర ఎలుకలు చేరకుండా చూసుకోండి.

గుర్తుంచుకోండి

• జ్వరం మొదలైన తేదీ రాసి పెట్టుకోండి.
• మొదటి వారంలో వచ్చిన ‘నెగెటివ్’తో స్క్రబ్ టైఫస్ లేదని తేల్చుకోవద్దు.
• ‘పాజిటివ్’ వచ్చినా పాత జబ్బు జాడ కావచ్చు. జ్వరం దిగకపోతే మళ్లీ చూపించుకోండి.
• నల్లమచ్చ కోసం ఒళ్లంతా వెతకండి. కనబడితే డాక్టరుకు చూపించండి.
• గడ్డిలో, తుప్పల్లో పనిచేసిన సంగతి అడగకపోయినా చెప్పండి.
• అనుమానం గట్టిగా ఉంటే ఫలితం రాకముందే మందు మొదలుపెట్టవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది, అడిగే హక్కు మీది.
• ఆయాసం, మత్తు కనబడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.